లైసెన్సు కాపాడేది పందేన్ని, పందెం కాసేవాణ్ణి కాదు

బెట్టింగ్ యాప్‌ల అప్పులు తీర్చలేక ఎవరో ప్రాణం తీసుకున్నారన్న వార్త పత్రికలో వచ్చిన ప్రతిసారీ, దాని వెనకే ఒక వాదన వస్తుంది. నిషేధాలతో జూదం ఆగదంటారు. ఆన్‌లైన్ పందేలను తెలంగాణ 2017లో నిషేధించింది, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటే డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ చట్టం చేసింది. అయినా టెలిగ్రామ్ గ్రూపుల్లో బెట్టింగ్ ఐడీలు దొరుకుతూనే ఉన్నాయి. కాబట్టి బ్రిటన్‌లో లాగా లైసెన్సులు ఇచ్చి, పన్ను వేసి, పైన ఒక నియంత్రణ సంస్థను కూర్చోబెడితే పందెం కాసేవాడికి రక్షణ, ప్రభుత్వానికి రాబడి, రెండూ వస్తాయంటారు. చదువుకున్నవాళ్లలో, న్యాయవాదుల్లో, ఆర్థిక విషయాలు రాసేవాళ్లలో ఈ అభిప్రాయానికి ఇప్పుడు మంచి గిరాకీ ఉంది.

ఈ అభిప్రాయం తప్పు. నిషేధం బ్రహ్మాండంగా అమలవుతోందని చెప్పడానికి నేను రాయడం లేదు. అమలు కావడం లేదని అందరికీ తెలుసు. నేను అడిగేది ఒకటే: లైసెన్సు ఉన్న మార్కెట్టు ఎవరిని, దేని నుంచి కాపాడుతుంది? ఆదర్శంగా చూపిస్తున్న బ్రిటన్‌నే దగ్గరగా చూస్తే జవాబు దొరుకుతుంది. లైసెన్సు పందేన్ని మోసం నుంచి కాపాడుతుంది. పందెం కాసేవాడి కొంపను కాపాడే నియమాలు వేరే ఉన్నాయి. అవి కంపెనీ రాబడిని కోసే నియమాలు. లైసెన్సుతోపాటు అవి వాటంతట అవి రావు. ప్రాణాలు పోయాక, పార్లమెంటులో గొడవ జరిగాక, ఏళ్లు గడిచాక ఒక్కొక్కటిగా వస్తాయి.

ముందు అవతలి పక్షానికి దక్కాల్సింది దక్కనిద్దాం. బ్రిటన్‌లో 2005 నాటి గ్యాంబ్లింగ్ చట్టం 2007 సెప్టెంబరు నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చింది. గ్యాంబ్లింగ్ కమిషన్‌కు ఆ చట్టం మూడు లక్ష్యాలు పెట్టింది. జూదం నేరాలకు ఆసరా కాకూడదు, ఆట న్యాయంగా, బాహాటంగా సాగాలి, పిల్లలకూ బలహీనులకూ హాని జరగకూడదు. దానికి తగ్గట్టు కంపెనీలు ఖాతాదారు వయసు, గుర్తింపు సరిచూడాలి. ఆటల సాఫ్ట్‌వేర్‌ను బయటివాళ్ల చేత పరీక్ష చేయించాలి. వివాదం వస్తే విచారించే వేదిక ఉండాలి. అనుమానం కలిగించే పందెం కనిపిస్తే కమిషన్‌కు చెప్పాలి.

ఈ చివరి ఏర్పాటు ఎంత చురుకైనదో 2024లో లోకానికి తెలిసింది. అక్కడి ప్రధానమంత్రి ఎన్నికల తేదీ ప్రకటించడానికి మూడు రోజుల ముందు, ఆయన సొంత పార్టీ ఎంపీ ఒకరు ఎన్నికలు జులైలోనే వస్తాయని 100 పౌండ్ల పందెం కాశారు. ఆ చిన్న పందెం కంపెనీ కంట పడింది. విచారణ మొదలై, 2025 ఏప్రిల్‌లో 15 మందిపై అభియోగాలు మోపేదాకా వెళ్లింది. గుర్తు తెలియని బుకీ నోటుపుస్తకంలో ఇలాంటిది ఎన్నటికీ బయటపడదు. మన దొంగ యాప్‌లలో గెలిచిన డబ్బు వస్తుందన్న భరోసా లేదు, అడగడానికి ఆఫీసు లేదు. ఈ తేడా చిన్నది కాదు.

కానీ ఈ మేళ్లన్నీ కలిపితే తేలేది పందెం నిజాయితీగా జరుగుతుందని మాత్రమే. తూనికలు కొలతల శాఖ కల్లు దుకాణంలో కొలత సరిచూస్తే తాగేవాడికి పోసింది తక్కువ కాకుండా ఉంటుంది, తాగడం తగ్గదు. సరైన కొలతతో ఎంత పోగొట్టుకోవచ్చో ఒకసారి లెక్క వేద్దాం.

సమానమైన రెండు జట్లు ఆడుతున్నాయి. ఏ జట్టు గెలిచినా 100కి 200 ఇస్తే అది సరి పందెం. కంపెనీ 190 ఇస్తుంది. ఒకరు ఈ పక్క 100, ఇంకొకరు ఆ పక్క 100 కాస్తే కంపెనీకి 200 వచ్చి, 190 పోయి, 10 మిగులుతాయి. ఎవరు గెలిచినా కంపెనీకి ఒకటే. అంటే కాసిన ప్రతి 100లో సగటున 5 కంపెనీవి. అయిదు రూపాయలే కదా అనిపిస్తుంది. కానీ చేతికి వచ్చిన డబ్బును మళ్లీ మళ్లీ కాస్తూ పోతే, పది చుట్లు తిరిగేసరికి ఆ 100లో సగటున మిగిలేది 60. ఓవరు ఓవరుకీ, బంతి బంతికీ పందెం పెట్టనిచ్చే యాప్‌లో పది చుట్లకు ఒక సాయంత్రం చాలు. ఇక అయిదు మ్యాచ్‌లను కలిపి, అయిదూ నిజమైతేనే డబ్బు వచ్చే పందెం సంగతి చూడండి. సరి పందెమైతే 100కి 3,200 రావాలి. ఇదే రేట్లను హెచ్చిస్తే వచ్చేది సుమారు 2,476. గెలిస్తే అంత పెద్ద మొత్తం కనబడుతుంది కాబట్టి కుర్రాళ్లకు ఇదే ఇష్టం. కంపెనీకీ ఇదే ఇష్టం, ఎందుకంటే సగటున 100లో 22 రూపాయలకు పైగా దానికే మిగులుతాయి. ఇందులో మోసం లేదు. రేట్లన్నీ తెర మీదే కనిపిస్తాయి, సాఫ్ట్‌వేర్ పరీక్ష నెగ్గింది, లైసెన్సు గోడకు వేలాడుతోంది. జేబు మాత్రం ఖాళీ అయింది.

సరదాగా కాసేవాడు ఏడాదికి కొంత పోగొట్టుకుంటే అది వాడి వినోదం ఖర్చు అంటారు. ఈ వ్యాపారం అలాంటివాళ్ల మీదే నడిస్తే నాకూ పెద్దగా పేచీ ఉండేది కాదు. నడుస్తున్నది వాళ్ల మీద కాదు. బ్రిటన్ ప్రభువుల సభ వేసిన కమిటీ 2020 జులైలో ఇచ్చిన నివేదిక ప్రకారం, పరిశ్రమ లాభాల్లో 60 శాతం వచ్చేది 5 శాతం ఖాతాదారుల నుంచి. ఆ 5 శాతం ఎవరు? జూదం వ్యసనంగా మారినవాళ్లు, మారే ప్రమాదంలో ఉన్నవాళ్లు. చట్టం అమల్లోకి వచ్చి పదమూడేళ్లయిన, లోకమంతా మెచ్చుకుంటున్న లైసెన్సు మార్కెట్టు పరిస్థితి ఇది. ఎవరిని కాపాడాలని చట్టం రాసుకుందో, సరిగ్గా వాళ్ల మీదే ఆ మార్కెట్టు బతుకుతోంది.

అలాంటి వ్యాపారం తన ఖాతాదారులను ఎలా చూస్తుందో గమనించండి. వరసగా గెలిచేవాడిని కంపెనీ గుర్తుపట్టి, ఇకపై నువ్వు రెండు పౌండ్లకు మించి కాయడానికి వీల్లేదంటూ కట్టడి చేయవచ్చు. బ్రిటన్ నియమాలు దానికి అడ్డు చెప్పవు. ఆస్ట్రేలియాలో కొన్ని రాష్ట్రాలు మాత్రం కనీసం గుర్రప్పందేల్లోనైనా ఫలానా మొత్తం దాకా ఎవరి పందెమైనా తీసుకోవాల్సిందేనని నియమం పెట్టాయి. ఇక వరసగా ఓడేవాడికి దక్కే మర్యాద వేరు. వీఐపీ హోదా, పలకరించడానికి ప్రత్యేకంగా ఒక మేనేజరు, ఉచిత పందేలు, మ్యాచ్ టికెట్లు. గెలిచేవాడిని గుర్తుపట్టే చూపు కంపెనీకి ఉందన్నమాట. ఓడేవాడినీ అదే చూపు గుర్తుపడుతుంది, గుర్తుపట్టి దగ్గరకు తీస్తుంది.

ఇందాకటి 100 పౌండ్ల పందెం గుర్తుంది కదా. 2023 మార్చిలో బెట్టింగ్ సంస్థ విలియం హిల్ గ్రూపు కంపెనీలు 1 కోటీ 92 లక్షల పౌండ్లు కట్టేలా కమిషన్ చర్య తీసుకుంది. అప్పటికి అదే అతి పెద్ద మొత్తం. ఆ కేసులో బయటపడ్డ వివరాలు చదవండి. ఒకరు కొత్తగా ఖాతా తెరిచి 20 నిమిషాల్లో 23,000 పౌండ్లు పోశారు. ఎవరూ ఏమీ అడగలేదు. ఇంకొకరు ఒక్క రోజులో 18,000 పౌండ్లు. జూదం మాకు వద్దు, మమ్మల్ని రానివ్వకండి అని స్వయంగా రాసిచ్చిన 331 మంది అదే గ్రూపులోని మరో చోట ఆడగలిగారు. కంపెనీకి నష్టం తెచ్చే 100 పౌండ్లను పట్టుకున్న పరిశ్రమకు, లాభం తెచ్చే 23,000 పౌండ్లు కనబడలేదా? యంత్రాంగం రెండుచోట్లా ఒక్కటే. చూడాలన్న అవసరం ఒకచోట ఉంది, ఇంకోచోట లేదు. లైసెన్సు ఆ అవసరాన్ని పుట్టించలేకపోయింది. జరిమానా వచ్చిందిగా అంటారు. డబ్బు పోయాక వచ్చింది. లైసెన్సు మాత్రం పోలేదు.

పోనీ, ఖాతాలో ఉన్న సొమ్ముకైనా లైసెన్సు పూచీ పడుతుందా? ఫుట్‌బాల్ ఇండెక్స్ కథ చూడండి. ఆటగాళ్ల పేరిట ‘షేర్లు’ కొని, డివిడెండ్లు తీసుకుని, రేటు పెరిగితే అమ్ముకునే ఏర్పాటు అది. చూడ్డానికి స్టాక్ మార్కెట్టు, నిజానికి దీర్ఘకాలపు పందెం. 2015లో గ్యాంబ్లింగ్ కమిషన్ లైసెన్సు ఇచ్చింది. 2021 మార్చిలో కంపెనీ డివిడెండ్లు బాగా కోసేసరికి రేట్లు కుప్పకూలాయి. కొద్ది రోజుల్లోనే లైసెన్సు సస్పెండ్ అయింది, కంపెనీ మూతపడింది. ఖాతాదారుల సొమ్ము కోట్ల పౌండ్లు ఇరుక్కుపోయింది. కమిషన్ ముందే మేలుకుని ఉండాల్సిందని తరవాత ప్రభుత్వం వేయించిన స్వతంత్ర సమీక్షే తేల్చింది. బ్యాంకు మునిగితే డిపాజిట్‌కు బీమా ఉంటుంది. బెట్టింగ్ కంపెనీ మునిగితే ఖాతాదారు సొమ్ముకు ఏ పాటి రక్షణ ఉందో ముందుగా చెప్పాలన్నదే అక్కడి నియమం. పూర్తి రక్షణ కల్పించి తీరాలన్న నియమం లేదు. రక్షణ అంతంతమాత్రమేనని నిబంధనల పేజీలో రాసేస్తే కంపెనీ బాధ్యత తీరిపోయినట్టే. లైసెన్సు బొమ్మ చూసి నమ్మినవాళ్లలో ఆ పేజీ ఎంతమంది చదివి ఉంటారు?

ఇక్కడ ఇంకో వాదన వస్తుంది. పరిమితి పెట్టుకునే సదుపాయం ఉంది, తనను తాను బహిష్కరించుకునే సదుపాయం ఉంది, వాడుకోకపోతే ఎవరి తప్పు అంటారు. బ్రిటన్‌లో అన్ని ఆన్‌లైన్ కంపెనీలకూ ఒకేసారి వర్తించే బహిష్కరణ పథకం గామ్‌స్టాప్. కంపెనీలన్నీ అందులో చేరి తీరాలన్న నియమం వచ్చింది 2020 మార్చి చివర్లో. క్రెడిట్ కార్డుతో, అంటే అప్పు సొమ్ముతో పందెం కాయడాన్ని ఆపింది 2020 ఏప్రిల్‌లో. చట్టం అమల్లోకి వచ్చింది 2007లో. అప్పు చేసి జూదమాడటం ప్రమాదమని తెలుసుకోవడానికి పన్నెండేళ్ల పరిశోధన కావాలా? ఊళ్లో ముసలమ్మను అడిగినా ఒక్క మాటలో చెబుతుంది. పైగా ఈ సదుపాయాలన్నీ వ్యసనంలో ఉన్నవాడు తనంతట తానే వెతుక్కుని నొక్కాల్సిన బటన్లు. తన మీద తనకు అదుపు తప్పడమే ఆ జబ్బు. ఆ అదుపే మందు అంటూ రోగి చేతిలో పెట్టడం వైద్యం కాదు.

పన్ను రాబడి సంగతికి వద్దాం. మన దగ్గర ఎక్కువమందిని ఊరిస్తున్నది ఇదే. బ్రిటన్ 2001 అక్టోబరులో పందెం మొత్తంపై వేసే సుంకాన్ని తీసేసి, గెలిచినవాళ్లకు చెల్లించగా కంపెనీకి మిగిలినదానిపై 15 శాతం పన్ను పెట్టింది. కంపెనీకి మిగిలింది అంటే జనం పోగొట్టుకున్నదే. ఆనాటి నుంచి జనం ఎంత ఎక్కువ ఓడితే ఖజానాకు అంత ఎక్కువ. దీని ఫలితం బెట్టింగ్ షాపుల్లో పెట్టిన రూలెట్ యంత్రాల విషయంలో బయటపడింది. వాటిలో ప్రతి 20 సెకన్లకూ 100 పౌండ్ల దాకా కాయొచ్చు, అంటే నిమిషానికి 300 పౌండ్లు. ఆ పరిమితిని 2 పౌండ్లకు దించుతామని 2018 మేలో ప్రభుత్వం ప్రకటించింది. తీరా బడ్జెట్టు వచ్చేసరికి అమలు తేదీ 2019 అక్టోబరు అన్నారు. పోయే రాబడిని పూడ్చుకోవడానికి ఆన్‌లైన్ జూదంపై పన్ను పెంపు కూడా అప్పటికే వస్తుందన్నారు. ఈ జాప్యాన్ని భరించలేక జూదం వ్యవహారాలు చూసే మంత్రి ట్రేసీ క్రౌచ్ రాజీనామా చేశారు. అప్పుడు దిగివచ్చి 2019 ఏప్రిల్ 1 నుంచి అమలు చేశారు. హాని జరుగుతోందని సర్కారే ఒప్పుకున్న యంత్రాన్ని ఆపడానికి ఒక మంత్రి పదవి పణంగా పెట్టాల్సి వచ్చింది. పన్నుకు అలవాటు పడ్డ ప్రభుత్వం ఆ వ్యాపారానికి కాపలాదారుగా ఉండలేదు, భాగస్వామి అయిపోతుంది. మన దేశంలో 2023 అక్టోబరు నుంచి ఆన్‌లైన్ డబ్బు ఆటల్లో పెట్టిన పూర్తి మొత్తంపై 28 శాతం జీఎస్టీ వేశారు. రెండేళ్లలోపే దాన్ని వదులుకుని నిషేధించగలిగారు. ఇరవై ఏళ్లు ఆ డబ్బుతో పథకాలు నడిపాక వదులుకోగలరా?

మిగిలింది అన్నిటికంటే బలమైన వాదన. కట్టుదిట్టమైన నియమాలు పెడితే జనం దొంగ మార్కెట్టుకు పోతారంటారు. నిషేధానికి వ్యతిరేకంగా చెప్పేదీ ఇదే, నియమాలను నీరుగార్చడానికి పరిశ్రమ చెప్పేదీ ఇదే. దీనికి జవాబు నార్వే ఇచ్చింది. అక్కడ వీధి వీధినా ఉండే జూదం యంత్రాలను 2007లో తీసేశారు. తరవాత 2009లో ప్రభుత్వ సంస్థ చేతిలో కొత్త యంత్రాలు తక్కువ సంఖ్యలో పెట్టారు. వాటిలో ఆడాలంటే ఆటగాడి పేరు మీద కార్డు ఉండాలి. ఇంతకుమించి పోగొట్టుకోవడానికి వీల్లేదన్న పరిమితి అందరికీ తప్పనిసరి. అది ఎవరి దయ మీదా, ఎవరి నిగ్రహం మీదా ఆధారపడదు. పాత యంత్రాలు పోయాక జూదమూ, దాని బాధితులూ తగ్గారని అక్కడి అధ్యయనాలు చూపించాయి. ఆడేవాళ్లంతా మూకుమ్మడిగా చీకటి సందుల్లోకి పోలేదు. వ్యసనపరుల్లో కొందరు ఎలాగైనా వెతుక్కుంటారు, నిజమే. కానీ కొత్తగా వ్యసనంలోకి దిగేవాడు వెతుక్కుని రాడు. క్రికెట్ చూస్తుండగా తెర మీద ప్రకటన పిలిస్తే వస్తాడు. బ్రిటన్‌లో టీవీ ప్రకటనలకు తలుపులు తెరిచింది ఆ లైసెన్సు చట్టమే. ప్రీమియర్ లీగ్ ఆటగాళ్ల చొక్కాల ముందు భాగం బెట్టింగ్ కంపెనీల పేర్లతో నిండిపోయాక, 2023లో క్లబ్బులు వాటిని తీసేస్తామని ఒప్పుకున్నాయి, అదీ 2025-26 సీజను ముగిశాక. మన దగ్గర యాప్‌లకు ప్రచారం చేసిన సినిమా తారలపై 2025 మార్చిలో హైదరాబాద్‌లో పోలీసులు కేసులు పెట్టగలిగారంటే, అవి చట్టవిరుద్ధం కాబట్టే. లైసెన్సు ఉండి ఉంటే అదే ప్రకటన చట్టబద్ధం అయ్యేది.

పెద్దవాళ్లు తమ డబ్బుతో తమకు నచ్చింది చేసుకునే స్వేచ్ఛ ఉండొద్దా అని అడిగేవాళ్లకు ఒక మాట. జూదమాడేవాణ్ణి పాపి అనడానికి నేను రాలేదు. మలక్‌పేటలో గుర్రప్పందేలు చట్టబద్ధంగానే జరుగుతున్నాయి. అక్కడ ఒక పరుగుకూ ఇంకో పరుగుకూ మధ్య ఆలోచించుకునే వ్యవధి ఉంటుంది, సాయంత్రానికి రేసులు అయిపోతాయి, మనిషి ఇంటికి వెళతాడు. జేబులోని ఫోన్ అర్ధరాత్రి దుప్పటి కింద కూడా పిలుస్తుంది, యూపీఐ క్షణంలో డబ్బు తెస్తుంది. అలసిన మనిషిని ఆగనివ్వకుండా తయారుచేసిన ఏర్పాటులో స్వేచ్ఛ ఎవరికి మిగిలింది?

లా కమిషనే నియంత్రించమందిగా అని కొందరు 2018 నాటి 276వ నివేదికను చూపిస్తారు. ఆ నివేదిక మొదట చెప్పింది ప్రస్తుత పరిస్థితుల్లో జూదాన్ని చట్టబద్ధం చేయడం మంచిది కాదనే. నిషేధం సాధ్యం కాని పక్షంలో నియంత్రించవచ్చు అంటూ గట్టి షరతులు పెట్టింది. ఆధార్‌తో, పాన్‌తో ముడిపెట్టాలి, ఎన్నిసార్లు, ఎంత మొత్తం కాయొచ్చో పరిమితి ఉండాలి, సబ్సిడీలు అందుకునే పేదలను అందులోకి రానివ్వకూడదు అంది. లైసెన్సు కావాలనేవాళ్లు ఆ నివేదికలో రెండో సగాన్ని చదివి, అందులోనూ షరతులు వదిలేస్తున్నారు.

ఈ దేశంలో ఎప్పటికైనా లైసెన్సుల మాట వస్తే మొదటి రోజునే ఉండాల్సినవి ఇవి. అన్ని కంపెనీలకూ కలిపి ఒక మనిషికి ఒకే నష్ట పరిమితి, అది తప్పనిసరి. ఒకచోట వద్దన్నవాడికి అన్నిచోట్లా తలుపు మూత. అప్పు సొమ్ముతో పందెం లేదు. బంతి బంతికీ పందెం లేదు. ప్రకటనలు, బోనస్‌లు, వీఐపీ మర్యాదలు లేవు. ఖాతాదారు సొమ్ము కంపెనీ ముట్టుకోలేని ట్రస్టు ఖాతాలో ఉండాలి. ఓడేవాడిని చూసీ చూడనట్టు వదిలేస్తే జరిమానాతో సరిపెట్టకుండా లైసెన్సు రద్దు చేయాలి. బ్రిటన్ ఇరవై ఏళ్లు నడిచి, 2025లో ఆన్‌లైన్ స్లాట్ ఆటల పందేనికి 5 పౌండ్ల పరిమితి, 25 ఏళ్ల లోపువాళ్లకు 2 పౌండ్ల పరిమితి దాకా వచ్చింది. అంతమంది మునిగాక నేర్చుకున్న పాఠాన్ని మనం మళ్లీ అంతమందిని ముంచి నేర్చుకోనక్కర్లేదు.

ఈ షరతులు వచ్చేదాకా నిషేధమే ఉండాలి, దాన్ని సరిగ్గా అమలు చేయాలి. 2025 చట్టం ఆడినవాడిని శిక్షించదు. పందెం నడిపేవాడికి మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా అంటుంది. అది సరైన దారి. మోసపోయినవాడు భయం లేకుండా పోలీసు స్టేషన్‌కు వెళ్లగలగాలి. అద్దెకు తెచ్చిన బ్యాంకు ఖాతాల్లోకి ఆ డబ్బు చేరకుండా బ్యాంకులు ఆపాలి. జిల్లా ఆసుపత్రిలో ఈ వ్యసనానికి చికిత్స దొరకాలి. నిషేధం విఫలమైందనేవాళ్లు వీటిలో ఎన్ని జరిగాయో ముందు లెక్క తీయాలి.

లైసెన్సు కావాలని వచ్చే ప్రతి ప్రతిపాదననూ ఒక్క ప్రశ్న అడుగుదాం: మీ నియమాల వల్ల, అందరికంటే ఎక్కువ పోగొట్టుకునేవాడి నుంచి కంపెనీకి వచ్చే రాబడి ఎంత తగ్గుతుంది? అంకె చెప్పగలిగితే కూర్చుని మాట్లాడదాం. చెప్పలేకపోతే వాళ్లు అడుగుతున్నది వాడకందారుకు రక్షణ కాదు, వ్యాపారానికి అనుమతి. ఆ అనుమతికి రక్షణ అని పేరు పెట్టడాన్ని మనం ఒప్పుకోకూడదు.